పన్ను నొప్పి చిన్న నొప్పి కాదు: దవడకి మత్తు సూది, స్కానింగ్ మెషిన్, మన ఏజెన్సీ ఆసుపత్రులు



పోస్ట్ పెద్దది. హాస్టల్‌లో రెండు రాత్రులు కూర్చుని రాశాను. ఇప్పుడు టైమ్ లేకపోతే సేవ్ చేసుకుని తర్వాత చదవండి. మన గ్రూపులో పోడు పట్టాల గురించి, జీఓల గురించి, ఉద్యోగాల నోటిఫికేషన్ల గురించి చాలా రాసుకుంటాం. రాయాలి కూడా. కానీ పన్ను నొప్పి గురించి ఎవరూ రాయరు. "పన్ను నొప్పేగా, పీకించుకుంటే పోద్ది" అంటాం. నేను బీడీఎస్ చదువుతున్న కోయ పిల్లగాడిని, ఇప్పుడు హౌస్ సర్జన్‌ని. ఈ మాట నేను కూడా అన్నవాడినే. మా పెద్దమ్మ విషయంలో నా నోరు మూతపడింది, అందుకే రాస్తున్నాను.

మాది భద్రాచలం వైపు ఒక చిన్న గూడెం. రెండేళ్ళ కింద మే నెల, తునికాకు టైమ్. తెల్లారకముందే అడవికి పోవడం, మధ్యాహ్నం దాకా ఆకు కోయడం, ఇంటికొచ్చి 50 ఆకులకి ఒక కట్ట చొప్పున కట్టడం, సాయంత్రం కల్లానికి మోసుకుపోవడం. ఆ పది పదిహేను రోజుల సంపాదనే వానాకాలం విత్తనాలకి ఆధారం అని మీకు చెప్పక్కర్లేదు. ఆ టైమ్‌లో పెద్దమ్మకి కుడివైపు కింద చివరి పన్ను లేచింది. మొదట పొగాకు పెట్టుకుంది. తర్వాత లవంగం. ఎవరో చెప్తే జిల్లేడు పాలు పూసుకుంది, చిగురు కాలి పుండయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు, వాపు కొంచెం తగ్గింది, మళ్ళీ ఆకుకి పోయింది. ఆరో రోజు పొద్దున లేచేసరికి దవడ పట్టేసింది. నోరు తెరుచుకోలేదు. చెంచా కాడ కూడా పళ్ళ మధ్య దూరట్లేదు. పళ్ళ సందులోంచి గంజి పీల్చుకుని తాగింది.

ఆటో మాట్లాడుకుని ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పళ్ళ డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తారన్నారు. ఆ రాత్రి వరండాలో పడుకున్నాం. పొద్దున డాక్టర్ గారు వచ్చారు, మంచిగానే మాట్లాడారు. "నోరు తెరువమ్మా" అన్నారు. పెద్దమ్మ తల ఊపింది, తెరవలేకపోయింది. మూడుసార్లు అడిగి చివరికి ఆయన నాతో అన్న మాట: "నోరు తెరవకపోతే నేను మత్తు సూది ఎక్కడ వేయాలి, పన్ను ఎలా తీయాలి? పెద్ద ఆసుపత్రికి తీసుకుపోండి." యాంటీబయాటిక్ రాసి పంపేశారు. బయటికి వస్తుంటే వరండా చివర స్కానింగ్ గది. తలుపు మీద "లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం" అని బోర్డు. బయట గర్భిణీలు లైన్‌లో కూర్చున్నారు.

మూడో రోజుకి పట్నంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరాం. అక్కడ మత్తు డాక్టరమ్మ ఒకరు పెద్దమ్మని పడుకోబెట్టి, చేతికి సెలైన్ సూది పెట్టి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, చెంప మీద జెల్ రాసి, చిన్న ప్రోబ్ ఆనించారు. స్క్రీన్ మీద బూడిద రంగు బొమ్మ. చెంప ఎముక కింద బయటి నుంచే సూది. నోరు తెరవమని ఒక్కసారి కూడా అడగలేదు. పావుగంటకి పెద్దమ్మ తనంతట తానే దవడ కదిపి చూసుకుంది. రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుంది. లోపల చీము తీశారు, పన్ను తీశారు. తొమ్మిది రోజుల తునికాకు పోయింది, షావుకారు దగ్గర పదకొండు వేలు అప్పయింది, కానీ మనిషి నిలబడింది.

తిరిగొచ్చే బస్సులో పెద్దమ్మ మన భాషలో అడిగింది: "అసుంటి మిషన్ మన ఆసుపత్రిలో లేదా?" ఉంది పెద్దమ్మా అన్నాను. "మరి?" అంది. ఆ "మరి?"కి నా దగ్గర జవాబు లేదు. ఈ పోస్ట్ అంతా ఆ ఒక్క మాటకి జవాబు వెతుక్కోవడమే.

అసలు దవడకి మత్తు ఎలా ఎక్కుతుంది?

మన ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే పెద్ద నరం ఒకటుంది, ట్రైజెమినల్ అంటారు. మూడు కొమ్మలు. ఒకటి నుదురు, కంటి వైపు. రెండోది పై దవడకి. మూడోది కింది దవడకి. ఈ మూడో కొమ్మే దవడని కదిలించే, నమిలే కండరాలకి కూడా ఆజ్ఞలు మోసుకెళ్తుంది. పై పళ్ళ చుట్టూ ఎముక పల్చగా ఉంటుంది కాబట్టి పన్ను పక్కనే సూది వేస్తే మందు ఇంకిపోతుంది. కింద దవడ పళ్ళ దగ్గర ఎముక మందం. పక్కన వేస్తే దిగదు. అందుకే నరం ఎముకలోకి దూరే చోటుకి ముందే మందు పెట్టాలి. మన చెరువు కింద పొలాల లెక్క అనుకోండి. ఒక్కో మడికి కాలవ కట్టే బదులు తూము దగ్గరే మూసేస్తే కిందున్న అన్ని మళ్ళకీ నీళ్ళు ఆగుతాయి. దీన్నే నెర్వ్ బ్లాక్ అంటారు.

ఇది కొత్త సంగతి కాదు. న్యూయార్క్‌లో హాల్‌స్టెడ్ అనే సర్జన్ 1884-85 ప్రాంతంలోనే కొకైన్‌తో కింది దవడ నరాన్ని మొద్దుబార్చాడు. ఇప్పుడు మనం వాడే లిగ్నోకెయిన్‌ని స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. మందు మారింది గానీ, చోటు వెతుక్కునే పద్ధతి ఇప్పటికీ చాలావరకు అదే. నోరు బాగా తెరిపించి, వేలితో ఎముక అంచు తడిమి, కంటి అంచనాతో సూది లోపలికి పోనివ్వడం. ఆ నరం కంటికి కనపడదు. మనిషి మనిషికీ ఆ రంధ్రం ఎత్తు తేడా ఉంటుంది. అందుకే మా పాఠ్యపుస్తకాల్లోనే రాసి ఉంటుంది, మామూలు పద్ధతిలో ఈ బ్లాక్ 15 నుంచి 20 శాతం సార్లు సరిగ్గా ఎక్కదని. పన్ను లోపల నరం బాగా వాచి మండుతున్నప్పుడు ఇంకా ఎక్కువసార్లు ఫెయిల్ అవుద్ది. చీము పట్టిన చోట ఆమ్లం పెరిగి మందు సరిగా పనిచేయదు.

అంటే ఏంటి? ఐదారుగురిలో ఒకరికి మొదటి సూదితో సరిపోదు. అది పేషెంట్ తప్పు కాదు. కానీ మన ఆడవాళ్ళు కుర్చీలో కూర్చుని "ఇంకా నొప్పి పుడుతుంది సార్" అంటే ఏం వింటారు? "ఏం కాదమ్మా, భయం అంతే." ఒకసారి అట్లా మొద్దుబారని పన్ను పీకించుకున్న మనిషి ఇంక జన్మలో పళ్ళ డాక్టర్ దగ్గరికి పోదు. గూడేనికి వచ్చి పదిమందికి చెప్తుంది. ఆ పదిమందీ పోరు. "ఆదివాసీలకి పళ్ళ మీద శ్రద్ధ లేదు" అని సర్వేల్లో రాస్తారు. శ్రద్ధ లేక కాదు సార్, గుర్తుండి.

స్కానింగ్ మెషిన్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

అల్ట్రాసౌండ్ అంటే శబ్ద తరంగాలు. ఎక్స్‌రే లాగా రేడియేషన్ లేదు. కడుపులో బిడ్డని చూపించినట్టే కండరం, రక్తనాళం, లోపలికి పోతున్న సూది, సూదిలోంచి మందు పరుచుకోవడం చూపిస్తుంది. డాప్లర్ పెడితే రక్తం పారే చోటు రంగులో కనిపిస్తుంది. 1994లో వియన్నా డాక్టర్లు చెయ్యి నరాల బ్లాక్‌ని అల్ట్రాసౌండ్ చూస్తూ చేసిన పద్ధతి ప్రచురించారు. అప్పటి నుంచి చేతులు, కాళ్ళ ఆపరేషన్లకి ఇది బాగా పెరిగింది. ముఖానికి తర్వాత వచ్చింది. ఇప్పుడు చెంప ఎముక కింది నుంచి కింది దవడ నరానికి, కణత వైపు నుంచి పై దవడ నరానికి బయటి నుంచే వేస్తున్నారు. గ్రహణం మొర్రి, అంగిలి చీలిక ఉన్న పిల్లలకి ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించడానికి పై దవడ బ్లాక్ వాడతారు. గట్టి మత్తుమందుల అవసరం తగ్గుతుంది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా యూట్యూబ్ డాక్టర్‌నే అవుతాను.

శబ్దం ఎముకని దాటదు. దవడ అంతా ఎముకే. అందుకని చెంప ఎముకకి, దవడకి మధ్య ఉన్న చిన్న సందులోంచే చూడాలి. చాలాసార్లు అంత లోతులో నరం స్పష్టంగా కనపడదు. పక్కనున్న ఎముక పలక, కండరం, పెద్ద రక్తనాళం కనపడతాయి. వాటి ఆధారంగా వేస్తారు. కాబట్టి మెషిన్ పెట్టగానే మాయ జరగదు, చెయ్యి తిరిగిన డాక్టర్ కావాలి. రక్తనాళం గుచ్చుకుంటే లోపల రక్తం గూడుకట్టవచ్చు. మందు రక్తంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ముఖం ఒక పక్క కొన్ని గంటలు వంకర పోవచ్చు. అందుకే మానిటర్, సెలైన్ లైన్, అత్యవసర మందులు పక్కన పెట్టుకుని చేస్తారు. ఇది పీహెచ్‌సీలో చేసే పని కాదు. మత్తు డాక్టర్ ఉన్న ఏరియా ఆసుపత్రి పని.

ఇంకోటి. బ్లాక్ వైద్యం కాదు, వైద్యానికి దారి. కొన్ని గంటలే ఉంటుంది. చీము తీయకుండా, పుప్పి పన్ను సంగతి చూడకుండా నొప్పి మాత్రమే ఆపితే లోపల రోగం పెరుగుతుంది. పట్నంలో కొన్ని చోట్ల దవడ కీలు నొప్పికి నేరుగా "నరం ఇంజెక్షన్ ప్యాకేజీ" అంటారు. దవడ కీలు నొప్పుల్లో ఎక్కువ భాగం మెత్తటి తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, కొన్నాళ్ళ మందులతోనే తగ్గుతాయి. ముందు అవి చేయాలి. ఎవరైనా మొదటి రోజే ఖరీదైన సూది అంటే ఆగి రెండో డాక్టర్‌ని అడగండి.

మరి మనకెందుకు ఇది ముఖ్యం?

పెద్దమ్మ లాంటి కేసులకి. నోరు తెరుచుకోకపోవడం మన దగ్గర అరుదు కాదు. ఆలస్యంగా వస్తాం కాబట్టి పుప్పి పన్ను చీము దాకా, చీము దవడ పట్టేసే దాకా పోతుంది. మామూలుగా మనిషి నోరు మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత తెరుచుకోవాలి. ఇప్పుడే మీ వేళ్ళతో చూసుకోండి.

రెండోది గుట్కా. మన హాస్టల్ తమ్ముళ్ళకే చెప్తున్నా. వక్క, గుట్కా, పాన్ మసాలా నమిలే వాళ్ళకి బుగ్గ లోపల పొర గట్టిపడి తాడులా బిగుసుకుపోతుంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కారం తగిలితే మంట, తర్వాత నోరు ఏడాదికేడాది చిన్నదవుతూ పోవడం. కొందరికి క్యాన్సర్‌గా మారుతుంది. గుర్తుపెట్టుకోండి, ఆ బిగుసుకున్న తాళ్ళని ఏ మత్తు సూదీ తెరవలేదు. పెద్దమ్మకి తెరుచుకుంది ఎందుకంటే అది నొప్పికి, వాపుకి కండరం పట్టేయడం. ఫైబ్రోసిస్ వేరు. కాకపోతే ఆ మనిషికి పన్ను తీయాల్సి వస్తే బయటి నుంచి వేసే బ్లాక్ పనికొస్తుంది. ఉత్తరాంధ్ర వైపు అడ్డపొగ తాగే అమ్మలకి అంగిట్లో వచ్చే పుండ్లు, క్యాన్సర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. క్యాన్సర్ నొప్పితో మంచం పట్టిన వాళ్ళకి కొన్ని గంటలైనా ముఖం నొప్పి లేకుండా చేయడం చిన్న విషయం కాదు.

మూడోది మన రక్తంలోనే ఉంది. సికిల్ సెల్. దీని కోసమే కేంద్రం 2023 జూలై 1న మధ్యప్రదేశ్ షాడోల్‌లో ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది. మన గూడేల్లో రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు కదా, అదే. సికిల్ సెల్ జబ్బు ఉన్న మనిషికి పంటి చీము లాంటి ఇన్ఫెక్షన్ వస్తే అదే నొప్పుల దాడికి కారణం కావచ్చు. ఒక్కోసారి పళ్ళు అన్నీ బాగానే ఉండి, దవడ ఎముకకే రక్తం అందక నొప్పి వస్తుంది, కింది పెదవి తిమ్మిరెక్కుతుంది. తెలియని వాళ్ళు మంచి పన్ను పీకేస్తారు. వీళ్ళకి పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాలంటే ఆక్సిజన్ తగ్గకుండా, ఒంట్లో నీరు తగ్గకుండా, ఒళ్ళు చల్లబడకుండా చాలా జాగ్రత్త పడాలి. అందుకే చోటు మత్తుతో పని అయ్యే దగ్గర దానితోనే చేయడం మేలు. ఆ చోటు మత్తు మొదటిసారే సరిగ్గా ఎక్కడం ఎవరికన్నా వీళ్ళకి ఎక్కువ అవసరం. దయచేసి పళ్ళ డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు సికిల్ సెల్ కార్డు చూపించండి. "పన్నుకి దానికి ఏం సంబంధం" అనుకోకండి.

ఇప్పుడు మీరు అడగబోయే మాట

నాకు తెలుసు. ఒక అన్న ఇప్పటికే అన్నాడు: "తమ్ముడూ, మా పీహెచ్‌సీలో జ్వరం గోళీలు అయిపోయి వారమైంది. మా ఊరికి వానొస్తే అంబులెన్స్ రాదు. నువ్వు అల్ట్రాసౌండ్ బ్లాక్ అంటావేంది?"

ఆ అన్న మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకుంటా. అసలు నిజం చెప్పాలంటే పెద్దమ్మకి మెషిన్ లేకుండా కూడా పని అయ్యేది. నోరు మూసి ఉండగానే, పై పళ్ళ చిగురు పక్క నుంచి లోపలికి సూది పోనిచ్చి కింది దవడ మొద్దుబార్చే పద్ధతి ఒకటుంది. 1960లో వజీరాని రాశాడు, 1977లో అకినోసి మళ్ళీ రాశాడు. ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. అకినోసి నైజీరియా డాక్టర్. దానికి మెషిన్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. మా సిలబస్‌లో ఉంది. పరీక్షలో రాస్తాం. కానీ చేతితో చేసే అవకాశం చాలామందికి రాదు. నేను ఇప్పటిదాకా రెండుసార్లే దగ్గరుండి చూశాను. ఆ రోజు మా పెద్దమ్మని పంపేసిన డాక్టర్ గారిని నేను తిట్టను. ఒక్కడే ఉన్నాడు, మత్తు డాక్టర్ లేడు, వాపు ఉంది, ఏదైనా అయితే ఆయన మీదికే వచ్చేది. కానీ ఆయనకి లేనిది మెషిన్ కాదు. చేతికి అలవాటు, పక్కన తోడు. అదే అసలు లోటు.

మరి మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, "ముందు గోళీలు, తర్వాత మిగతావి" అనే మాట మనకి మా తాతల కాలం నుంచి చెప్తున్నారు. ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. గోళీలు అడిగితే మెషిన్ అడగకూడదా? పట్నం మనిషికి నొప్పి లేకుండా పన్ను తీయడం హక్కు, ఏజెన్సీ మనిషికి ఓర్చుకోవడం అలవాటా? "వీళ్ళు గట్టి మనుషులు, తట్టుకుంటారు" అని వార్డులో అనడం నా చెవులతో విన్నాను. మెచ్చుకోలు అనుకుంటారు వాళ్ళు. నాకది మత్తు తక్కువ వేయడానికి సాకులా వినిపించింది. మనం గట్టివాళ్ళమే. అడవిలో, కొండ మీద. కుర్చీలో కాదు.

పైగా ఇక్కడ కొత్తగా కొనాల్సింది తక్కువ. మెషిన్ ఇప్పటికే ఆసుపత్రిలో ఉంది. పై పొరలు బాగా చూపించే లీనియర్ ప్రోబ్ లేకపోతే అది ఒకటి కావాలి. నేర్చుకున్న డాక్టర్ కావాలి. 

అయితే ఒక చట్టం సంగతి చెప్పాలి. 1994 గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల ప్రతి స్కానింగ్ మెషిన్ రిజిస్టర్ అయి ఉండాలి, ఎక్కడ పడితే అక్కడికి తీసుకుపోకూడదు, ఎవరు పడితే వాళ్ళు వాడకూడదు. కొందరు డాక్టర్లు ఈ చట్టం వల్లే పని ఆగుతుందని, సడలించాలని అంటారు. నేను ఒప్పుకోను. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి దేశం మొత్తం మీద 919 మంది ఆడపిల్లలుంటే ఎస్టీల్లో 957 మంది ఉన్నారు. ఆడబిడ్డ పుడితే ఏడ్చే అలవాటు మనది కాదు. ఆ పాడు అలవాటు మెషిన్‌తో పాటు మన గూడేలకి రాకూడదు. చట్టం ఉండాలి. కానీ రిజిస్టర్ అయిన ఆసుపత్రి లోపల, అర్హత ఉన్న డాక్టర్, నొప్పి కోసం మెషిన్ వాడటానికి కావాల్సింది కాగితాల పని. సూపరింటెండెంట్ గారు, జిల్లా అధికారులు కూర్చుంటే అయ్యే పని. తాళంచెవి సమస్యని చట్టం సమస్యగా చూపించొద్దు.

నా అభిప్రాయం, వరస క్రమంలో

ఒకటి. రూల్స్ ప్రకారం గిరిజన ప్రాంతాల్లో 20 వేల జనాభాకి ఒక పీహెచ్‌సీ, 80 వేలకి ఒక సీహెచ్‌సీ ఉండాలి. సీహెచ్‌సీలో పళ్ళ డాక్టర్ ఉండాలి. దేశంలో 300కి పైగా డెంటల్ కాలేజీలు ఉన్నాయి, డాక్టర్లు లేక కాదు. మన ఐటీడీఏల పరిధిలో ఎన్ని సీహెచ్‌సీల్లో డెంటల్ పోస్టు ఉంది, ఎన్ని భర్తీ అయ్యాయి, కుర్చీ పనిచేస్తుందా, ఇవి సమాచార హక్కు కింద అడుగుదాం. భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఏ ఐటీడీఏ వాళ్ళు ఆ ఐటీడీఏకి పెట్టండి. పది రూపాయల ఫీజు. లెక్క చేతిలో లేకుండా ధర్నా చేస్తే ఫొటో మిగులుతుంది అంతే.

రెండు. ఏజెన్సీలో పనిచేసే పళ్ళ డాక్టర్లకి నోరు మూసి వేసే బ్లాక్ మీద చేతితో చేయించే శిక్షణ ఇవ్వాలి. ఖర్చు లేని పని ఇది. ముందు ఇదే జరగాలి.

మూడు. ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టర్లకి ముఖం బ్లాకుల శిక్షణ, లీనియర్ ప్రోబ్, ఎమర్జెన్సీ మందులు. వారంలో ఒక రోజు మత్తు డాక్టర్, పళ్ళ డాక్టర్ ఇద్దరూ ఒకే చోట ఉండేలా చూస్తే చాలు. దవడ పట్టేసిన వాళ్ళు, సికిల్ సెల్ వాళ్ళు, క్యాన్సర్ నొప్పి వాళ్ళు ఆ రోజు వస్తారు.

నాలుగు. భాష. పెద్దమ్మ వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో నేను చెప్పేదాకా ఆమెకి తెలియదు. నేను పక్కన లేకపోతే? చెంపలోకి సూది వేస్తున్నాం, సగం ముఖం కొన్ని గంటలు మొద్దుబారుతుంది, బుగ్గ కొరుక్కోవద్దు, వేడి టీ తాగొద్దు అని కోయలో, గోండిలో, సవరలో, కువిలో చెప్పే మనిషి ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉండాలి. మన ఆశా అక్కలు ఉన్నారు. వాళ్ళకి నేర్పిస్తే వాళ్ళే చెప్తారు.

ఐదు, ఇది మనకి. బీడీఎస్ సీటు వస్తే ఎంబీబీఎస్ రాలేదని ఏడవకండి. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు. ఎంబీబీఎస్ చేస్తున్న అక్కలు, అన్నలు పీజీకి అనస్థీషియా గురించి ఆలోచించండి. ఆ బ్రాంచికి పేరు రాదు, ఫ్లెక్సీలో ఫొటో రాదు. కానీ ఏజెన్సీ ఆసుపత్రిలో మత్తు డాక్టర్ లేకపోతే సిజేరియన్ ఆగుద్ది, ఎముక ఆపరేషన్ ఆగుద్ది, పన్ను కూడా ఆగుద్ది. ఎంబీబీఎస్ రాని తమ్ముళ్ళకి బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ ఉంది, కనుక్కోండి.

చివరిగా ఇంట్లో చెప్పాల్సినవి

చిగురు మీద జిల్లేడు పాలు, పొగాకు, పెట్రోల్ పెట్టనీయకండి. కాలుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం మంచిదే. పన్ను నొప్పి రెండు రోజులు దాటితే ఆకు ఉన్నా, కోత ఉన్నా డాక్టర్‌కి చూపించండి.

దవడ కింద, గొంతు కింద వాపు గట్టిగా వచ్చి, నాలుక పైకి లేచినట్టు ఉండి, మింగలేకపోతే, చొంగ కారుతుంటే, ఊపిరి ఆడకపోతే, అది పన్ను నొప్పి కాదు, ప్రాణం మీదికి వచ్చింది. నాలుక కింద పాకిన ఇన్ఫెక్షన్ గొంతు మూసేస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర ఆగొద్దు, పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి, నేరుగా పెద్ద ఆసుపత్రికి పోండి.

నోరు నెలనెలా చిన్నదవుతుంటే, మానని పుండు రెండు వారాలు దాటితే చూపించండి. గుట్కా ఈ రోజే మానండి. హాస్టల్‌లో పక్క మంచం వాడు తింటుంటే వాడితో కూడా మాన్పించండి.

పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది. పోయిన వేసవిలో మళ్ళీ ఆకుకి పోయింది. కుడివైపు నమలడం మాత్రం ఇంకా అలవాటు కాలేదంటుంది. నేను ఇంటికి పోయిన ప్రతిసారీ గూడెంలో ఎవరికో పన్ను చూపించడానికి నన్ను పిలుస్తుంది. టార్చి పట్టుకుని నా పక్కన నిలబడి "మా పిల్లగాడు నొప్పి లేకుండా చేస్తాడు" అని వాళ్ళకి చెప్తుంది. ఆమె అట్లా అన్నప్పుడల్లా నాకు గుండె జారుద్ది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే నేను ఒక్కడినే నేర్చుకుంటే చాలదు. అక్కడ పోస్టు ఉండాలి, తోడు ఉండాలి, ఆ గది తలుపు తెరుచుకోవాలి.

మీ ఐటీడీఏ పరిధిలో డెంటల్ డాక్టర్ ఉన్నారా లేదా, వారానికి ఎన్ని రోజులు వస్తారు, కింద కామెంట్లో రాయండి. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాస్తే చాలు, ఎవరినీ తిట్టకండి. లెక్క తేలితే అర్జీ నేను రాస్తాను, మీరందరూ సంతకం పెట్టండి. నా మాటల్లో తప్పులుంటే సీనియర్ డాక్టర్ అన్నలు, అక్కలు సరిదిద్దండి.

జై ఆదివాసీ. మావ నాటే మావ రాజ్.